సిలబుల్స్ 13 వస్తున్నాయి, ఆన్సర్ కీలో 11 ఉంది. కీ తప్పా?

బెంచిమేట్: పొద్దున్నుంచి ఇదే పని. ఎన్నిసార్లు వేళ్లు మడిచినా 13 వస్తోంది. పైగా రేపు సెమినార్‌లో అదే పేరు తడబడకుండా చదవాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పిపెట్: ఏ పేరు?

బెంచిమేట్: అదేనండీ, డీడీటీ పూర్తి పేరు. డైక్లోరోడైఫినైల్‌ట్రైక్లోరోఈథేన్.

పిపెట్: కీ కరెక్టే.

గురులఘువు: మీరు తెలుగులో రాసుకుని లెక్కపెట్టినట్టున్నారు. డై, క్లో, రో, డై, ఫి, నై, ల్, ట్రై, క్లో, రో, ఈ, థే, న్. ఇందులో ల్, న్ పొల్లులు. అచ్చు లేనిదే సిలబుల్ లేదు. ఛందస్సులో పొల్లును ముందు అక్షరంలో కలిపేసి గురువంటాం కదా, ఇక్కడా అంతే: నైల్ ఒకటి, థేన్ ఒకటి. 11.

బెంజీన్ బాబాయ్: అసలు ఆ పేరే అసంపూర్ణం. అణువులోని బెంజీన్ వలయాల మీద క్లోరిన్ ఏ స్థానంలో ఉందో చెప్పదు. 1,1,1-ట్రైక్లోరో-2,2-బిస్(4-క్లోరోఫినైల్)ఈథేన్ అనాలి. కామాలూ హైఫన్లూ పలకరు, అంకెల తర్వాత కాస్త ఆగుతారు. క్లోరోఫినైల్ అన్నదే ఒక జంట పేరు కాబట్టి "డై" బదులు "బిస్" వచ్చింది.

బెంచిమేట్: ఫినైలా, ఫెనిలా? ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారు.

పిపెట్: బ్రిటిష్ ఫీనైల్, ఈథేన్. అమెరికన్ ఫెనిల్, ఎథేన్. లెక్క మారదు.

గురులఘువు: తడబాటు పోవాలంటే వెనక నుంచి కట్టుకు రండి. ముందు ఈథేన్, తర్వాత ట్రైక్లోరో-ఈథేన్, తర్వాత డైఫినైల్ చేర్చి, చివరికి డైక్లోరో. పెద్ద ఊనిక "ఈ" మీద, క్లో, ఫి, క్లో మీద తేలిగ్గా. అలవాటుకొద్దీ సంధి చేసి "క్లోరీథేన్" అన్నారో, ఒకటి మింగేసినట్టే, 10 అవుతాయి. మోనాక్సైడ్‌లో మాత్రం "మోనో" చివరి ఓ నిజంగానే లోపించింది, అక్కడ మూడే.

బెంజీన్ బాబాయ్: సిలబుల్‌ని అక్షరం అనకండి సార్. అక్షరమంటే రాసే గుర్తు.

గురులఘువు: ఛందస్సులో అక్షరమంటే పలికేదే. మీరనేది లిపి.

బెంచిమేట్: పొల్లులే ముంచాయన్నమాట. థాంక్సండీ. ఆ బిస్ పేరుకి ఎన్ని?

పిపెట్: 16. 1,1,1ని "ట్రిపుల్ వన్" అన్నా అంతే.

బెంజీన్ బాబాయ్: ఆగండాగండి. అచ్చు లేనిదే సిలబుల్ లేదన్నారుగా? ఇంగ్లిషువాళ్ల "ట్రిపుల్"లో రెండోది ఉత్త ల్. పు మనం పెట్టుకున్నదే.