లినక్స్ కూలినప్పుడు మెమరీని భద్రపరిచే కేడంప్‌లో, ఆ పనికోసం లేచే రెండో కెర్నెల్‌కి మెమరీ మ్యాప్ సరిగ్గా అందట్లేదు, కాస్త చూస్తారా?

నమస్తే అండీ. తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో సర్వర్లు చూసుకుంటాను. వాటిలో ఒక పాత ఎక్స్86 మెషీన్ వారానికోసారి పానిక్ అవుతోంది (కెర్నెల్ కూలి ఆగిపోతోంది). కారణం తెలియాలంటే వీఎమ్‌కోర్ (కూలినప్పటి మెమరీ నకలు) కావాలి, అదే రావట్లేదు.

రెండో కెర్నెల్‌కి స్థలం కేటాయించేలా 'క్రాష్‌కెర్నెల్=256ఎమ్' ఇచ్చాను. మెమరీ పంపకం చూపే ఐఓమెమ్ ఫైల్లో 'క్రాష్ కెర్నెల్' వరుస కనిపిస్తోంది, కాబట్టి స్థలం దక్కినట్టే. సిస్‌ఆర్‌క్యూతో (కెర్నెల్‌కి నేరుగా ఆదేశమిచ్చే దారి) మెషీన్‌ని నేనే పడగొడితే మాత్రం రెండో కెర్నెల్ మొదలై, కాసేపటికే బిగుసుకుపోతోంది. రాత్రి సీరియల్ కేబుల్ తగిలించి చూశాను. 'యూజర్-డిఫైన్డ్ ఫిజికల్ ర్యామ్ మ్యాప్' కింద 'యూజబుల్' వరుసలు రెండే ఉన్నాయి, ఏసీపీఐ (హార్డ్‌వేర్ వివరాల పట్టికలు) వరుస ఒక్కటీ లేదు!

మాకంటే ముందున్నవాళ్లు రాసిన స్క్రిప్ట్ 'మెమ్‌మ్యాప్=ఎగ్జాక్ట్‌మ్యాప్' పెడుతోంది. అది పెడితే బయోస్ ఇచ్చిన ఈ820 పట్టికను (మెమరీలో ఏ భాగం దేనికో చెప్పేది) పక్కనపెట్టి, మనం రాసిన ముక్కలనే కెర్నెల్ నమ్ముతుంది కదా. నా అనుమానమంతా అక్కడే.

ఏసీపీఐ ముక్కలను '#' గుర్తుతో చేత్తో చేర్చాలా? లేక ఎగ్జాక్ట్‌మ్యాప్ తీసేసి, రెండో కెర్నెల్‌ని లోడ్ చేసే కెఎగ్జెక్-టూల్స్‌నే బూట్ పారామ్స్ (బూట్‌లో కెర్నెల్‌కి అందే సమాచారం) ద్వారా ఈ820 అందించమనాలా? మొదటిదైతే కెర్నెల్ కమాండ్ లైన్ 2048 అక్షరాల పరిమితి దాటుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, లాగ్ మొత్తం పెడతాను.