కళింగపట్నంలో పోర్టు రావట్లేదు, ఎవరైనా చెప్పండి

వంశధార_గట్టు: కంప్యూటర్ ఆటకి మన కళింగం మ్యాప్ చేస్తున్నాను. సాయంత్రం నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. ముఖలింగం నగరం బాగానే వచ్చింది. దానికి కళింగపట్నంలో రేవుండాలని తెల్ల చుక్క పెట్టాను. ఏం మార్చినా పాత మ్యాపే వస్తోంది. పొద్దున్నే డ్యూటీ ఉంది నాకు.

లాగ్‌రాయుడు: ఏ ఆట?

వంశధార_గట్టు: మెడీవల్ టూ టోటల్ వార్. ఇంకేటుంటుంది?

లాగ్‌రాయుడు: రోమ్ టోటల్ వార్ ఉంటుంది. బేస్ ఫోల్డర్‌లో మ్యాప్ డాట్ ఆర్‌డబ్ల్యుఎం తీసేశారా? అదుంటే పాతదే చదువుతుంది. తీసేస్తే మళ్లీ తయారుచేసుకుంటుంది.

శాలిహుండం_మెట్లు: ముందు ఒక మాట. ఆట మొదలయ్యేది 1080లో. కళింగ రాజు అనంతవర్మ చోడగంగ గద్దెనెక్కింది 1078లో. అప్పటికి రాజధాని కళింగనగరం, అంటే మన ముఖలింగమే. కటకానికి మారింది తర్వాత. చాలామంది ముఖలింగాన్ని తెచ్చి సముద్రపు ఒడ్డున పెట్టేస్తారు, చూస్తే ఒళ్లు మండుతుంది. మీరు లోపలే, వంశధార ఒడ్డున పెట్టారు కదా?

లాగ్‌రాయుడు: ఆయన అడిగింది అది కాదు.

వంశధార_గట్టు: లోపలే పెట్టాను సార్. ఆ ఫైలు తీసేశాను. ఇప్పుడు లోడింగ్ సగంలో ఆటే మూసుకుపోతోంది. ఇంతకుముందే నయం.

గంట్యాడ_గేమర్: బ్రష్‌తో గీశారా? అంచులు మసకబారతాయి, కంటికి తెలుపే కానీ ఆటకి కాదు. రేవు చుక్క రంగు అంకెలు కచ్చితంగా 255, 255, 255, నగరానివి 0, 0, 0, ఒక్కో పిక్సెలే. పెన్సిల్ వాడండి. నేల ఎత్తులు చూపే హైట్స్ బొమ్మ కొలత, ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో రంగులో చూపే రీజియన్స్ బొమ్మకి రెట్టింపు మీద ఒకటి ఎక్కువుండాలి. రీజియన్స్ 200 × 150 అయితే అది 401 × 301. రేవు చుక్క నేల మీదే ఉండాలి, నీళ్లని ఆనుకుని.

వంశధార_గట్టు: పెన్సిలే. కొలతలూ సరిపోయాయి. నీళ్లని ఆనుకునే ఉంది, మూలన.

గంట్యాడ_గేమర్: మూలన తగిలితే ఆనుకున్నట్టు కాదు. పైనో కిందో, కుడో ఎడమో నీళ్లుండాలి.

వంశధార_గట్టు: మూల కలిసినా పక్కిల్లే అంటాం కదండీ!

లాగ్‌రాయుడు: మీ వీధిలో అనండి.

శాలిహుండం_మెట్లు: అసలు పాత రేవు వంశధార మొగలో ఉండాలి. మీ చుక్క ఎక్కడుందో ఎవరికి తెలుసు?

గంట్యాడ_గేమర్: నిజమే, రీజియన్స్ బొమ్మ పెట్టండి.

వంశధార_గట్టు: పెట్టాను, చూడండి.

గంట్యాడ_గేమర్: ఇదా సంగతి! ముఖలింగం ఆకుపచ్చ ఒడ్డుదాకా రానే లేదు. తీరమంతా శ్రీకూర్మం నారింజ. మీ చుక్క చుట్టూ నారింజే కాబట్టి ఆట దాన్ని శ్రీకూర్మానికే రాసేస్తుంది. శ్రీకూర్మానికి కింద ఇంకో తెల్ల చుక్క ఉంది. ఒక రీజియన్‌కి ఒకటే నగరం, ఒకటే రేవు. ఏటి వెంబడి ఆకుపచ్చని సముద్రం దాకా లాగి, చుక్కని అందులో పెట్టండి. నగరానికి దూరమైనా ఏం కాదు. ఆ ఆర్‌డబ్ల్యుఎం మళ్లీ తీసేయడం మర్చిపోకండి.

లాగ్‌రాయుడు: ఈ బొమ్మ మొదట్లోనే పెట్టుంటే అందరం పడుకునేవాళ్లం.

వంశధార_గట్టు: వచ్చింది. థాంక్సండీ.

శాలిహుండం_మెట్లు: బారువ కూడా పాత రేవే. దాన్నెందుకు వదిలేశారు?

కోనాడ_కెరటం: రోమ్‌లో నాకూ ఇదే గొడవ. రంగులు సరిగ్గానే ఉన్నాయి. ఎవరైనా ఉన్నారా?