శాకుంతలంలో విదూషకుణ్ణి తీసేయొచ్చా?

ప్రశ్న: అమలాపురం దగ్గర మా ఊరి తీర్థానికి శాకుంతలం వేస్తున్నాం. నిడివి ఎక్కువైందని విదూషకుడు మాధవ్యుణ్ణి తీసేద్దామంటున్నారు. పర్వాలేదా?

జవాబు: వద్దండీ! రెండో అంకం చివర రాజు అతన్ని రాజధానికి పంపేస్తూ, శకుంతల సంగతంతా వేళాకోళమని నమ్మిస్తాడు. ఐదో అంకంలో తన రాణి హంసపదిక దగ్గరికి పంపుతాడు. అందుకే శకుంతల సభకొచ్చేసరికి గుర్తుచేసేవాడే ఉండడు. ఎందుకు చెప్పలేదని ఆరో అంకంలో రాజే అడుగుతాడు. తమరే వేళాకోళమన్నారు కదా అంటాడు పాపం. అక్కడ నాకు ఏడుపొస్తుంది.

ఇంకొకరు: భవభూతి ఉత్తరరామచరితంలో విదూషకుడే లేడు కదా?

జవాబు: లేడు, ఆ కరుణరసానికి అక్కర్లేదు. ఇక్కడ కథే అతని మీద నడుస్తోంది. వేటకి తిరిగి ఒళ్లు హూనమై, కర్ర ఊతంతో నిలబడే ఆ ప్రవేశం అసలు వదలొద్దు. మూలంలో రాజుది సంస్కృతం, ఇతనిది ప్రాకృతం. మీరు కోనసీమ యాసలో పలికించండి. నిడివి తగ్గాలంటే ఇంద్రుడి సారథి మాతలి ఘట్టం కుదించండి.

ప్రశ్న వేసినవారు: సరేనండీ, రేపు రిహార్సల్లో ఇదే చెప్తాను.