బావ పంపిన ఐర్లండ్ పాత రైలు ఫొటోలు: ఏ లైనో, ఏ కాలమో ఎలా కనుక్కోవాలి?

కొర్లగుంట కుర్రాడు, తిరుపతి

అందరికీ నమస్తే. మా బావ డబ్లిన్‌లో పని చేస్తాడు. నాకు రైళ్ల పిచ్చి అని ఆయనకు తెలుసు, అందుకే అక్కడ సంతలో ఎవరో పాత ఫొటోలు, పోస్టుకార్డులు అమ్ముతుంటే ఒక కవరు నిండా కొని స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపాడు. అన్నీ ఐర్లండ్ రైళ్లవే, అన్నీ బ్లాక్ అండ్ వైట్. కొన్నింటి వెనక పెన్సిల్‌తో ఏదో రాసుంది కానీ అరిగిపోయింది.

ఒకదాంట్లో ఇంజను స్టేషన్ గోడ బద్దలు కొట్టుకుని సగం బయటికొచ్చి రోడ్డు మీదికి వేలాడుతోంది, కింద జనం గుంపుగా నిలబడి చూస్తున్నారు. ఇంకోదాంట్లో నేల మీద పట్టాలే లేవు. ఇనుప స్టాండ్లు వరసగా పాతి వాటి మీద ఒకే ఒక పట్టా వేసి ఉంది, దాని మీద కూర్చున్న ఇంజనుకు పక్కపక్కనే రెండు బాయిలర్లు. ఇది నిజం ఫొటోనా, ఎవరైనా కంప్యూటర్‌లో తయారు చేశారా? మూడోది చెట్టూ చేమా లేని మైదానంలో చిన్న స్టేషన్. బోర్డు సగమే పడింది, జంక్షన్ అన్నది మాత్రం తెలుస్తోంది. నాలుగోది పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజను, క్యాబ్ మీద 800 అని నంబరు, పక్కన ఇంగ్లీషులా లేని అక్షరాలతో పేరు పలక. ఐదోదాంట్లో బండీ లేదు, పట్టాలూ లేవు, లోయలో రాతి స్తంభాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి.

నాకు ముఖ్యంగా మూడోదాని గురించి తెలుసుకోవాలని ఉంది. మా తాత పాకాలలో మీటర్ గేజి బండ్ల మీద ఫైర్‌మన్‌గా చేశాడు. ఈ ఫొటో చూడగానే మా నాయన "ఇది మన పాకాల మాదిరే ఉందే" అన్నాడు. ఇంకో సందేహం కూడా, అంత చిన్న దేశంలో అన్ని లైన్లు ఎందుకు వేశారు, ఎందుకు పీకేశారు?

రిటైర్డ్ గార్డు, రేణిగుంట

బాబూ, మీ నాయన కన్ను మంచి కన్ను. నేను పాకాల, ధర్మవరం లైనులో మీటర్ గేజి ఉన్న రోజుల్లో బండ్లు నడిపినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. గేజి అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు. ఐర్లండ్ పల్లె లైన్లలో చాలావాటి గేజి మూడడుగులు, అంటే 914 మిల్లీమీటర్లు. మనది 1000. మూడున్నర అంగుళాల తేడా కూడా లేదు, అందుకే చిన్న పట్టాల మీద వెడల్పాటి పెట్టెలు, పొట్టి ప్లాట్‌ఫారాలు, అంతా మన బండి చూసినట్టే ఉంటుంది. వాళ్ల మెయిన్ లైన్లు మాత్రం అయిదడుగుల మూడంగుళాలు, 1600 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1676. ఐర్లండ్‌లో మొదటి రైలు 1834లో డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కు నడిచింది, అది ఇంగ్లండు గేజిలోనే వేశారు. తర్వాత తలా ఒక కంపెనీ తలా ఒక కొలత పెట్టుకుంటూ పోతుంటే 1846లో చట్టం చేసి అయిదడుగుల మూడంగుళాలే అని తేల్చారు. పాత ఫొటో చేతికొస్తే నేను ముందు చూసేది గేజే. పట్టాల మధ్య వెడల్పునీ, పక్కన నిలబడ్డ మనిషి ఎత్తునీ పోల్చి చూస్తే చాలు, సగం లైన్లు లెక్కలోంచి పోతాయి.

ఇప్పుడు నీ మూడో ఫొటో. పట్టాలు ముక్కోణంగా చీలుతున్నాయా చూడు. అలా ఉంటే అది దాదాపుగా మోయాస్టా జంక్షన్, క్లేర్ కౌంటీలో వెస్ట్ క్లేర్ రైల్వేది. ఎన్నిస్ నుంచి బయలుదేరిన లైను అక్కడ రెండుగా చీలి ఒకటి కిల్‌రష్ రేవుకు, ఇంకోటి కిల్కీ సముద్రతీరానికి పోతుంది. 1887లో మిల్‌టౌన్ మాల్‌బే దాకా, 1892కి చివరి దాకా వేశారు. 1961 జనవరి 31న మూసేశారు.

నిర్ధారణ కావాలంటే ఇంజను నంబరు చూడు. 1925లో చాలా కంపెనీలను గ్రేట్ సదరన్ రైల్వేస్‌లో కలిపేసినప్పుడు చిన్న గేజి ఇంజన్ల నంబర్ల చివర ఒక్కో లైనుకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం తగిలించారు. క్లేర్ వాటికి సీ, ట్రలీ డింగిల్ వాటికి టీ, కావన్ లీట్రిమ్ వాటికి ఎల్. నంబరు పక్కన సీ ఉంటే చోటు ఖాయం, 1925 తర్వాతిదన్నదీ ఖాయం. ఆ లైనులో 1952లో డీజిల్ రైలుకార్లు, 1955లో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. కాబట్టి స్టీము ఇంజను జనం పెట్టెలు లాగుతుంటే ఆ ఫొటో 1952కి ముందుది అయ్యుండాలి. బోర్డు మీద ఐరిష్, ఇంగ్లీషు రెండూ ఉంటే సాధారణంగా స్వతంత్రం వచ్చాకే, అంటే 1922 తర్వాతే.

బావను ఇంకోసారి స్కాన్ చేయమను, ఈసారి 600 డీపీఐలో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపమను. వెనక వైపు కూడా కావాలి. పోస్టుకార్డు వెనక చిరునామాకూ ఉత్తరానికీ మధ్య గీత ఉంటే అది 1902 తర్వాతిది. స్టాంపు ఉంటే ఇంకా మేలు.

డబ్లిన్‌లో చిత్తూరోడు

తమ్ముడూ, గోడ బద్దలైన ఫొటో హార్‌కోర్ట్ స్ట్రీట్ స్టేషన్‌ది. తేదీ కూడా పక్కాగా తెలుసు, 1900 ఫిబ్రవరి 14. ఎన్నిస్‌కార్తీ నుంచి పశువులను ఎక్కించుకుని వస్తున్న బండి వేగం అదుపు తప్పి, చివరి బఫర్లను గుద్దుకుని, గోడలోంచి బయటికొచ్చి హాచ్ స్ట్రీట్ పైన ఆగింది. స్టేషన్ రోడ్డు కంటే బాగా ఎత్తులో ఉండేది, అందుకే అలా వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. ఎవరూ చనిపోలేదు కానీ డ్రైవరుకు చెయ్యి తీసేయాల్సి వచ్చింది. ఆ ఫొటోను పోస్టర్లుగా, కార్డులుగా ఎన్నోసార్లు అచ్చేశారు కాబట్టి మీ బావ దగ్గరున్నది అసలు ప్రింటో తర్వాతి కాపీనో కాగితం చూస్తేనే చెప్పగలం.

ఆ లైను 1958 ఆఖర్లో మూసేశారు. పట్టాలు పీకేశారు, కొన్ని వంతెనలు కూలగొట్టారు. 2004లో అదే దారిలో చాలా దూరం లువాస్ ట్రాం వేశారు. నేను ఆఫీసుకు పోయేది ఆ గ్రీన్ లైనులోనే. మిల్‌టౌన్ దగ్గర తొమ్మిది కమానుల రాతి వంతెన పాత రైలుదే, ఇప్పుడు దాని మీద ట్రాం పోతుంది. హార్‌కోర్ట్ స్ట్రీట్ స్టేషన్ ముందు భాగం స్తంభాలతో సహా అలాగే ఉంది, దాని ఎదురుగానే ట్రాం స్టాపు. మీ బావ ఆ ఫొటో చేత్తో పట్టుకుని వెళ్లి వెనక హాచ్ స్ట్రీట్‌లో నిలబడి పోల్చి చూసుకోవచ్చు, నేను అదే చేశాను, ఒళ్లు జలదరించింది.

ఒకే పట్టా ఇంజను నిజమే! కంప్యూటర్ కాదు. కెర్రీ కౌంటీలో లిస్టోవెల్ నుంచి బాలీబనియన్ దాకా, తొమ్మిది మైళ్ల లైను, లార్టీగ్ అనే ఫ్రెంచి ఇంజినీరు పద్ధతి. 1888లో మొదలై 1924లో ఆగిపోయింది, కాబట్టి నీ ఫొటో ఆ మధ్యలోనే ఎక్కడో. బరువు రెండు వైపులా సమంగా ఉండాలి, కావడి మోసినట్టు. అందుకే రెండు బాయిలర్లు, అందుకే పెట్టెలకు అటూ ఇటూ సీట్లు. ఒక వైపు జనం ఎక్కువైతే కొందరిని అటు మార్చి కూర్చోబెట్టేవాళ్లు. ఒకసారి పియానో పంపాల్సి వస్తే రెండో వైపు ఆవును కట్టి పంపారని, ఆ ఆవును వెనక్కి తేవడానికి ఇంకో వైపు రెండు దూడలను ఎక్కించారని లిస్టోవెల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పట్టా నేలకు ఎత్తులో ఉంది కాబట్టి బండ్లు దాటాల్సిన చోట పైకి లేచే వంతెన ముక్కలు పెట్టాల్సి వచ్చింది, ఖర్చంతా అక్కడే. నీ ఫొటోలో అలాంటిది ఏదైనా పడిందేమో చూడు, అది అరుదు. అసలు బండిని తుక్కు కింద అమ్మేశారు. 2003లో చిన్న ముక్క మళ్లీ వేసి నమూనా బండి నడుపుతున్నారు.

మదనపల్లె చరిత్ర టీచరమ్మ

చాలా మంచి ఫొటోలు దొరికాయి నాయనా. ఎందుకు వేశారు, ఎందుకు పీకేశారు అన్నదానికి నాకు తెలిసినంత చెప్తాను.

1841లో ఐర్లండ్ జనాభా 80 లక్షల పైన. బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువొచ్చింది, లక్షల మంది చచ్చిపోయారు, లక్షల మంది ఓడలెక్కి అమెరికా పోయారు, 1911కి 44 లక్షలకు దిగిపోయింది. మన సీమ వాళ్లకు కరువంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. అయితే రైళ్లు వేసింది ఎక్కువగా ఆ కరువు తర్వాతే! పడమటి పల్లెలకు పని దొరకాలి, చేపలూ పశువులూ బజారుకు పోవాలి అని 1883లో ఒక చట్టం తెచ్చారు. కంపెనీకి నష్టమొస్తే వాటాదారులకు వడ్డీ కట్టే పూచీ స్థానిక పన్నుదారుల మీద పెట్టారు. వెస్ట్ క్లేర్, ట్రలీ డింగిల్ లాంటి లైన్లు అలా వచ్చినవే. అంటే మొదటి నుంచీ రాబడి చాలదని తెలిసే వేశారు. లాభం కోసం కాదు, ఊళ్లు బతకడం కోసం. నాకైతే అది సరైన పనే అనిపిస్తుంది, లారీలు, బస్సులు వచ్చాక వాటిని లాభనష్టాల తక్కెడలో పెట్టడమే అన్యాయం.

1922, 23లో అంతర్యుద్ధంలో వంతెనలు పేల్చేశారు. దేశం రెండయ్యేసరికి ఉత్తరాన గ్రేట్ నార్తర్న్ కంపెనీ లైన్లు సరిహద్దును అటూ ఇటూ దాటాల్సి వచ్చింది, కస్టమ్స్ తనిఖీలతో బండ్లు గంటలు గంటలు ఆగేవి. 1957లో ఎన్నిస్కిల్లెన్ వైపు లైన్లు ఒకేసారి పోయాయి. డొనెగల్ చిన్న గేజి 1959 ఆఖరున, వెస్ట్ కార్క్ 1961లో.

నీ ఐదో ఫొటో బహుశా డొనెగల్‌లో ఓవెన్‌కారో లోయ. 1925 జనవరి 30 రాత్రి పెనుగాలికి బండి పెట్టెలు వంతెన మీద పట్టాలు తప్పాయి, నలుగురు చనిపోయారు. పైన ఇనుము ఎప్పుడో తీసేశారు, రాతి స్తంభాలు మిగిలాయి. చుట్టూ బోడి కొండలు, చిత్తడి నేల కనిపిస్తే అదే అనుకో.

800 నంబరు ఇంజను పేరు మేవ్, వాళ్ల పురాణాల్లో రాణి. ఆ అక్షరాలు పాత ఐరిష్ లిపి. డబ్లిన్ ఇంచికోర్ వర్క్‌షాపులో 1939లో కట్టారు. ఆ తరగతిలో మొత్తం మూడే, 800, 801, 802, మూడింటికీ అలాంటి పేర్లే. డబ్లిన్, కార్క్ ఎక్స్‌ప్రెస్‌ల కోసం చేశారు కానీ వెంటనే యుద్ధం వచ్చి మంచి బొగ్గు దొరక్కుండా పోయింది. మేవ్‌ను బెల్‌ఫాస్ట్ దగ్గర మ్యూజియంలో ఉంచారు. ఫొటోలో టెండరు మీద, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి మీద, రెక్కల చక్రం గుర్తు ఉందా చూడు, ఉంటే 1945 తర్వాతిది.

ఇంకోటి, ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం వాళ్లు పాత ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టారు. లారెన్స్ కలెక్షన్ అని గాజు నెగెటివులే 40,000 దాకా, ఒడే కలెక్షన్ అయితే మొత్తం రైళ్లే. నీ ఫొటోలు వాటితో పోల్చి చూసుకో.

కొర్లగుంట కుర్రాడు, తిరుపతి

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. బావ రాత్రికి రాత్రే మళ్లీ స్కాన్ చేసి పంపాడు. గార్డు గారూ, ముక్కోణం ఉంది! బోర్డు మీద జంక్షన్‌కు ముందు ఆస్టా అన్న అక్షరాలు కూడా తెలుస్తున్నాయి. ఇంజను నంబరు 5, పక్కన సీ. వెనక రెండు జనం పెట్టెలు, ఒక వ్యాగను. అంటే 1925కీ 1952కీ మధ్యలో అన్నమాట. టీచరమ్మా, మేవ్ టెండరు మీద రెక్కల గుర్తు ఉంది.

మూడో ఫొటోలో ఇంజను మెట్టు మీద ఒక మనిషి చేత్తో గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు, మొహమంతా బొగ్గు మసి. మా నాయన దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

రిటైర్డ్ గార్డు, రేణిగుంట

5సీ అయితే నీ పంట పండింది బాబూ! దాని పేరు స్లీవ్ కాలన్, 1892లో గ్లాస్గోలో కట్టిన ఇంజను. లైను మూసేశాక చాలా ఏళ్లు ఎన్నిస్ స్టేషన్ దగ్గర నిలబెట్టి ఉంచారు. తర్వాత బాగు చేసి మోయాస్టాకే తెచ్చారు, అక్కడ కొంతమంది పాత లైను ముక్కను మళ్లీ వేశారు. ఎన్నిస్‌కు ఇప్పటికీ రైలుంది, మీ బావను అక్కడి దాకా రైల్లో పోయి తర్వాత రోడ్డు మీద పొమ్మను. పోయే ముందు అది తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోమను.

మరి మీ తాత ఫొటో ఏదైనా ఉందా? పాకాలలో బండి పక్కన దిగింది ఉంటే ఇక్కడ పెట్టు. ముందు చిన్న చక్రాలు నాలుగు, పెద్దవి ఆరు, వెనక రెండు ఉంటే వైపీ రకం ఇంజను. ముందు రెండు, పెద్దవి ఎనిమిది, వెనక రెండు ఉంటే వైజీ రకం. నంబరు కనిపిస్తే నేను చూసి చెప్తాను. మనుషుల పేర్లు మాత్రం మీ నాయనను అడిగి ఇప్పుడే ఫొటో వెనక రాసిపెట్టు. బాల్‌పెన్నుతో వద్దు, ఇంకు ముందు వైపుకు దిగుతుంది, మెత్తటి పెన్సిల్‌తో రాయి.

కొర్లగుంట కుర్రాడు, తిరుపతి

ఒకటి ఉంది సార్. ఇంజను ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు, మా తాత ఎడమ చివర. నాయనకు ఇద్దరి పేర్లు గుర్తున్నాయి, మిగతావాళ్లవి పాకాలలో ఉన్న పెద్ద చిన్నాయనను అడగాలి. ఆదివారం పోయి అడిగి, స్కాన్ చేసి వేరే త్రెడ్‌లో పెడతాను.