ఖడ్గజ్వాల: మండే కత్తా, కత్తి మంటా?

చిత్తూరు సభ్యురాలి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం మా చర్చిలో ఆదికాండము మూడవ అధ్యాయం చదవడం నా వంతు అయింది. చివరి వచనంలో దేవుడు ఏదెను తోటకు తూర్పుదిక్కున కెరూబులను (కావలి దేవదూతలను), జీవవృక్షమునకు పోవు మార్గమును కాచుటకు “ఇటు అటు తిరుగుచున్న ఖడ్గజ్వాలను” నిలువబెట్టెనని ఉంది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంటికి వచ్చాక ఇంగ్లీషు బైబిలు తెరిచి, అక్కడ మండే కత్తి అని ఉండగా తెలుగువారు దాన్ని తిరగేసి కత్తి మంటగా మార్చారని, ఇది అనువాద దోషమేనని వాదించింది. జ్వాలాఖడ్గం అనవలసిన చోట ఖడ్గజ్వాల అన్నారా? పెద్దలు వివరించగలరని ఆశిస్తున్నాను.

తిరుపతి సభ్యుని జవాబు:

అమ్మా, మీ అమ్మాయి గమనించిన తేడా నిజమైనదే. తీర్పు మాత్రం అనువాదకులకు అనుకూలంగా ఇవ్వవలసి ఉంటుంది. ముప్పై ఏళ్లు సమాసాలు చెప్పి విరమించినవాణ్ణి కనుక కొంచెం విస్తరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

సమాసంలో చివరి పదమే సాధారణంగా అసలు వస్తువు. జ్వాలాఖడ్గం అంటే జ్వాలతో కూడిన ఖడ్గం. అక్కడ ఉన్నది కత్తి, మంట దాని లక్షణం. ఖడ్గజ్వాల అన్నప్పుడు అక్కడ నిలిచినది మంట. ఆ మంటకు కత్తితో ఉన్న సంబంధాన్ని మూడు విధాలుగా విప్పవచ్చు. ఖడ్గము యొక్క జ్వాల అంటే షష్ఠీ తత్పురుషం, ఖడ్గమనెడి జ్వాల అంటే రూపకం, ఖడ్గము వంటి జ్వాల అంటే ఉపమాన పూర్వపద కర్మధారయం. ఒకే మాటలో ఈ మూడూ ఇమిడి ఉండడం దోషమని నేననుకోను.

ఇక మూలం. హీబ్రూలో ఆ పదబంధం “లహట్ హహెరెవ్”. లహట్ అంటే జ్వాల, హెరెవ్ అంటే ఖడ్గం, రెండూ నామవాచకాలే. హీబ్రూలో షష్ఠీ సంబంధం చెప్పేటప్పుడు అసలు పదం ముందు వస్తుంది, మనకు వెనుక వస్తుంది. అందువల్ల “ఖడ్గము యొక్క జ్వాల” అన్నదే దాని అక్షరార్థం. ఆ నామవాచకాన్ని విశేషణంగా మార్చి మండే ఖడ్గం అన్నది మొదట గ్రీకు అనువాదం, తరువాత లాటిన్ అనువాదం. ఇంగ్లీషు కూడా అదే దారిన నడిచింది. మన అనువాదకులు ఇంగ్లీషు వెంట పోకుండా హీబ్రూ కూర్పునే తెలుగు సమాసంలోకి దించారు. మీ అమ్మాయి దోషం పట్టిన చోటనే వారి జాగ్రత్త కనిపిస్తున్నది.

అయితే ఒక సూక్ష్మం మనకు జారిపోయింది. హీబ్రూలో జ్వాల పుంలింగం, ఖడ్గం స్త్రీలింగం. “తిరుగుచున్న” అనే అర్థమిచ్చే మాట అక్కడ స్త్రీలింగంలో ఉంది కనుక, తిరిగేది ఖడ్గమని వ్యాకరణమే చెబుతుంది. తెలుగులో మంటా కత్తీ రెండూ అమహత్తులే, అంటే ఒకే లింగం. “తిరుగుచున్న” అన్న విశేషణం దేనికి అంటుకున్నదో ఆ మాట రూపం చెప్పలేదు. వినేవారు సహజంగా చివరనున్న జ్వాలకే అంటగడతారు. ఇది అనువాదకుల తప్పు కాదు, భాషల స్వభావం.

మరొక సంగతి కూడా చూడండి. ఆ కత్తి ఎవరి చేతిలోనూ లేదు. కెరూబులను, ఖడ్గజ్వాలను అని రెండు వేరు వేరు కర్మపదాలున్నాయి; రెండింటినీ నిలబెట్టినది దేవుడే. క్యాలెండరు బొమ్మల్లో రెక్కల దేవదూత మండే కత్తి పట్టుకొని కనిపించడం చిత్రకారుల సౌకర్యం కోసం జరిగిన పని, ఎందుకంటే గాలిలో తనంతట తాను తిరిగే మంటను గీయడం కష్టం. వచనం అంత భయంకరంగా ఉండడానికి కారణం ఆ చేయి లేకపోవడమే. చేయి ఉంటే బతిమాలుకోవచ్చు, ఏమరుపాటు కోసం కాచుకోవచ్చు.

మన వైపు చూస్తే కత్తికీ నిప్పుకూ సంబంధం పుట్టుకతోనే ఉంది. శాంతిపర్వంలో నకులుడు ఖడ్గం పుట్టుక గురించి అడుగుతాడు. అన్నదమ్ములలో కత్తిసాములో ఆరితేరినవాడు అతడే కనుక ఆ ప్రశ్న అతని నోట రావడం ఉచితంగా ఉంటుంది. అంపశయ్య మీది భీష్ముడు చెప్పిన కథ ప్రకారం, బ్రహ్మ హిమవత్పర్వతం మీద యజ్ఞం చేస్తుండగా అగ్నిలోనుంచి నల్లకలువ రంగుగల ఒక భయంకర భూతం లేచి, ఆ రూపం విడిచి ప్రళయాగ్నిలా వెలిగే ఖడ్గమైంది. బ్రహ్మ దానిని మొదట రుద్రునికి ఇచ్చాడు. రుద్రుని నుండి విష్ణువుకు, అక్కడి నుండి మరీచికి, మహర్షులకు, ఇంద్రునికి, లోకపాలురకు, వారి నుండి మనువుకు అది చేతులు మారింది. ఆ ఖడ్గానికి నక్షత్రం కృత్తిక, గోత్రం రోహిణి, గురువు రుద్రుడు, అధిదేవత అగ్ని. జాతకచక్రం వేసినంత పకడ్బందీగా చెప్పారు. ఒక్క తేడా ఉంది. ఏదెను తోట ముందు నిలిచినది చేయి లేని ఖడ్గం, ఇది చేయి నుండి చేతికి అందిన ఖడ్గం.

ఇక ఖడ్గాన్ని ఆధ్యాత్మిక సంకేతంగా చూడాలంటే విష్ణుపురాణం మొదటి అంశను (భాగాన్ని) చూడాలి. అచ్యుతుని ఖడ్గరత్నం జ్ఞానమని, అది అవిద్య అనే ఒరలో ఉంటుందని అక్కడ చెప్పారు. నన్ను ఆకట్టుకున్నది కత్తి కన్నా ఆ ఒర. అజ్ఞానం జ్ఞానానికి శత్రువని అందరూ అంటారు. జ్ఞానానికి అదే ఒర అనడంలో, కత్తి అక్కడే ఉందని, దూయడమే తరువాయి అని ధ్వని ఉంది. విష్ణుసహస్రనామంలోని “నందకీ” అన్న నామానికి శంకరులు విద్యామయమైన నందకమనే అసి (కత్తి) గలవాడని అర్థం చెప్పినది కూడా ఈ భావంతోనే. తాళ్లపాక అన్నమాచార్యులు నందకాంశ అని మన ప్రాంతంలో అందరూ వినే మాటే. తమిళ సంప్రదాయం పేయాళ్వారును నందకాంశగా చెబుతుంది. తొలి ఇద్దరు ఆళ్వార్లు పాశురాలతో దీపం వెలిగించగా ఆ వెలుగులో స్వామిని చూచి పాడినవాడు ఆ మూడవ ఆళ్వారే. కత్తి అంశ ఇద్దరు పాటకారులలో దిగడం యాదృచ్ఛికమని నాకెప్పుడూ తోచలేదు.

తిరుమల మూలవిరాట్టు ఆభరణాలలో సూర్యకఠారి ఒకటి. కటారి అని రాసేవారూ ఉన్నారు. కొండ మీద కత్తికి సూర్యుని పేరు పెట్టారు, లంకలో రావణుని కత్తికి చంద్రహాసమని చంద్రుని నవ్వు పేరు పెట్టారు. మెరుపు ఒకటే అయినా ఏ వెలుగుతో పోల్చాలన్నది పేరు పెట్టేవారి ఎంపిక.

చిత్తూరు సభ్యురాలు:

చాలా సంతోషం మాస్టారూ. మా అమ్మాయికి చదివి వినిపించాను. ఓడినందుకు మొదట ముఖం మాడ్చుకున్నా, స్త్రీలింగం దగ్గర చెవి ఒగ్గి విన్నది. నాకు మాత్రం ఒక చిక్కు మిగిలింది. మీరు చెప్పిన కత్తి అజ్ఞానాన్ని నరికేది, జ్ఞానానికి దారి తీసేది. మా వచనంలోని కత్తి దారి మూసేది. రెంటినీ ఒకే సంకేతం కింద ఎలా చెప్పగలం?

తిరుపతి సభ్యుడు:

ఒకే సంకేతం కింద చెప్పనవసరం లేదు, చెప్పకూడదు కూడా. అన్ని మతాలలో మండే కత్తి ఒకటే అర్థమిస్తుందని రాసే వ్యాసాలు నాకు రుచించవు. మీ ప్రశ్నకు జవాబు చెట్టు దగ్గర దొరుకుతుంది. ఏదెనులో ఖడ్గం చెట్టును కాస్తుంది. గీత పదిహేనవ అధ్యాయంలో ఖడ్గం చెట్టునే నరుకుతుంది. వేళ్లూనిన అశ్వత్థాన్ని అసంగమనే దృఢమైన శస్త్రంతో ఛేదించమని అక్కడ ఉపదేశం. ఒక చోట చెట్టు మనిషి పోగొట్టుకున్న జీవం, మరొక చోట చెట్టు మనిషిని పట్టుకున్న సంసారం. చెట్టు మారినప్పుడు కత్తి పని కూడా మారింది.

గీతలోనే ఇంకొక విశేషం ఉంది. నాలుగవ అధ్యాయం 37వ శ్లోకంలో జ్ఞానం అగ్ని, కట్టెలను కాల్చినట్లు కర్మలను భస్మం చేస్తుంది. అయిదు శ్లోకాల తరువాత, 42లో అదే జ్ఞానం “జ్ఞానాసి”, హృదయంలోని సంశయాన్ని కోస్తుంది. కర్మ పోగుపడేది కనుక దానికి మంట, సంశయం ముడిపడేది కనుక దానికి కత్తి. రెంటినీ కలిపి మండే కత్తి చేయకపోవడంలో ఎంత ఔచిత్యం ఉందో చూడండి. బౌద్ధంలో మంజుశ్రీ అనే బోధిసత్వుడు ఆ రెంటినీ కలిపాడు. కుడి చేతిలో అంచున జ్వాల గల ఖడ్గం, ఎడమ వైపు తామర మీద ప్రజ్ఞాపారమిత గ్రంథం.

శ్రీకాళహస్తి సభ్యుడు:

దేవీ మాహాత్మ్యంలో కూడా మంటనూ కత్తినీ విడదీశారని మనవి. పదకొండవ అధ్యాయంలోని స్తుతిలో “జ్వాలాకరాళం” అన్న విశేషణం త్రిశూలానికి దక్కింది. రెండు శ్లోకాల తరువాత వచ్చే ఖడ్గాన్ని “కరోజ్జ్వలః” అన్నారు. కరమంటే చేయి, కిరణం కూడా. చేతిలో వెలిగేదనీ, కిరణాలతో వెలిగేదనీ రెండర్థాలూ పొసగుతాయి.

మరొక మాట. మా తాతగారి ఊరిలో కమ్మరి కొలిమి దగ్గర చిన్నప్పుడు గంటల తరబడి కూర్చునేవాణ్ణి. కొడవలి ఎర్రగా కాలినప్పుడు దానికి పదను ఉండదు, సుత్తి దెబ్బకు మైనంలా వంగుతుంది. తొట్టి నీళ్లలో ముంచి చుయ్యిమన్నాకనే అది గట్టిపడేది. ఆ తరువాత తాతగారి స్నేహితుడైన ఆ కమ్మరి అంచును వేలితో కాకుండా గోటి మీద ఆనించి చూసేవాడు. మండే కత్తి అనే మాట వినగానే నాకు ఆ మెత్తని ఎర్ర ఇనుము గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది. వాన పడిన నేలకూ పదనే, కత్తి అంచుకూ పదనే అనడంలో మన భాష నీటి పక్షం వహించినట్లుంది.

తిరుపతి సభ్యుడు:

బహు బాగా చెప్పారు. ఈ మాట నాకు తట్టలేదు. నార్వే, ఐస్‌లాండు దేశాల పురాణంలో లోకాంతాన దక్షిణం నుండి వచ్చే సుర్తుడనే అగ్నిదైత్యునికి మండే కత్తి ఉందని 13వ శతాబ్దపు ఐస్‌లాండు రచయిత స్నోరి రాశాడు. అంతకు ముందరి పద్యంలో కత్తి మండదు. దాని నుండి దేవతల సూర్యుడు ప్రకాశిస్తాడని మాత్రమే ఉంది. వెలుగును వచనంలోకి దించేటప్పుడు మంట చేయడం అక్కడ కూడా జరిగినట్లుంది. మీ కమ్మరి ఆ కత్తిని చూస్తే ముందు నీళ్ల తొట్టి తెమ్మనేవాడు.

చిత్తూరు సభ్యురాలు:

మా అమ్మాయి ఓటమి ఒప్పుకోకుండా మరొక ప్రశ్న పంపింది. తెలుగులో ఎవరైనా “అటూ ఇటూ” అంటారు గదా, బైబిలులో “ఇటు అటు” అని ఎందుకు ఉందని అడుగుతోంది. తిరగేసినది ఏదైనా ఉంటే అది ఇదేనట.

తిరుపతి సభ్యుడు:

ఈసారి అమ్మాయి గెలిచింది. మన నోట సహజమైన వరుస “అటూ ఇటూ” అన్నదే. ఆ అనువాదంలో “ఇటు అటు” ఒక్కచోటి జారుపాటు కాదు. యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో అపవాది (సాతాను) తాను భూమిలో “ఇటు అటు తిరుగులాడుచు” వచ్చానని చెప్పుకుంటాడు. హీబ్రూలో ఆ రెండు చోట్లా వేర్వేరు క్రియలు. తెలుగులో తోట కాచే మంటకూ, లోకం చుట్టే అపవాదికీ ఒకే నడక వచ్చింది. ఆ వరుస అనువాదకుల ప్రాంతపు పలుకుబడి కావచ్చునా అన్నది కోస్తా సభ్యులు చెప్పాలి. మా వైపు పల్లెల్లో నేనెన్నడూ వినలేదు.