ఎండలో మాస్కింగ్ ఫ్లూయిడ్ కాగితాన్ని లేపేస్తోంది, ఏం చేయాలి?

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టున కూర్చుని వాటర్ కలర్‌లో పక్షుల్ని వేసేవాళ్లెవరైనా ఉంటే సలహా ఇవ్వండి.

కాగితం మందమైన 300 జీఎస్ఎం కాటన్, కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ రకం. వెనక చెట్ల పచ్చదనం ఒకే తడిలో పరవాలంటే గూడబాతుల తెలుపును ముందే మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో (రంగు అంటకుండా పూసి, తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) కప్పుకోవాలి. నీడలో ఉంచి, ఆరగానే తీస్తే శుభ్రంగా వస్తోంది. ఎండ తగిలితే మాత్రం ఆ రబ్బరు కాగితం నారకు పట్టేసి, తీసేటప్పుడు పైపొర లేచిపోతోంది. అక్కడ రంగు మచ్చలా ఇంకిపోతుంది. ఫ్లూయిడ్ మానేసి రెక్కల అంచు చుట్టూ వేసుకుపోతే, సగంలోనే తడారి గట్టి గీతలు పడుతున్నాయి.

కాగితాన్ని పూర్తిగా కప్పేసే తెల్ల గవాష్‌తో సరిదిద్దడం ఇష్టం లేదు. ఎర్రకాళ్ల కొంగకు తోక మీద వాలే గులాబీ ఈకలున్నాయే, ఆ లేత రంగు కాగితం తెలుపు మీదే వెలుగుతుంది. గవాష్ మీద సున్నం కొట్టినట్టు చచ్చిపోతుంది.

రంగు తొందరగా ఆరకుండా నీళ్లలో గ్లిజరిన్ కలిపేవాళ్లు గ్లాసుకు ఎన్ని చుక్కలు వేస్తారు? ఎక్కువైతే రంగు జిగటగా ఉండిపోతుంది కదా, ఏప్రిల్ ఎండకు ఎంత సరిపోతుంది? కాగితాన్ని వెనకవైపు కూడా తడిపి అక్రిలిక్ పలక మీద పరిస్తే తడి నిలుస్తుందా?