బొచ్చె ఎదగకపోవడానికి కారణం సీడా (చేపపిల్లా), నీళ్ళలో ఆక్సిజనా?

గుణుపురం రైతు:
వంశధార దగ్గర ఊరి చెరువు లీజుకు తీసుకుని బొచ్చె, శీలావతి చేపపిల్లలు వేశాం. తవుడు, చెక్క వేళ తప్పకుండా వేస్తున్నాం. ఏడాది దాటినా బొచ్చె అరకేజీ దగ్గరే ఆగిపోయింది. నర్సరీవాళ్ళని అడిగితే ఆక్సిజన్ తక్కువంటారు. మధ్యాహ్నం మీటర్ పెట్టి చూశాను, 11 పీపీఎం (లీటరు నీళ్ళకి 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్) ఉంది. ఇంకెంత కావాలి? సీడే నాసిరకం.

పర్లాకిమిడి గట్టు:
అన్నగారూ, మధ్యాహ్నం చూసిన అంకెతో ఏమీ తేలదు. పచ్చనీళ్ళలో ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని సన్న నాచు, ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పీల్చేస్తుంది. చేపలూ, అడుగున కుళ్ళే చెత్తా కూడా వాడుకుంటాయి. అందుకే తెల్లవారేముందు డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. 30 డిగ్రీల నీళ్ళు గాలి నుంచి తీసుకుని నిలుపుకునేది సుమారు 7.5 పీపీఎం. మీకు 11 వచ్చిందంటే ప్లాంక్టన్ బాగా ముదిరిందన్నమాట. నాకైతే ఆ అంకె చూస్తేనే భయం వేస్తోంది.

గుణుపురం రైతు:
ఒక్క చేపా చావలేదు. ఆక్సిజన్ లేకపోతే చావాలి కదా?

జయపురం:
కొర్రమీను వేసుకోండి. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, ఈ తంటా ఉండదు.

పర్లాకిమిడి గట్టు:
కొర్రమీను సంగతి వేరు. బొచ్చెకి మొప్పలే దిక్కు. 5 పీపీఎం పైన ఉంటే తిన్నది ఒంటికి పడుతుంది. 3 కిందికి దిగితే మేత సరిగా ముట్టుకోదు. ఉక్కపోసే గదిలో మనకి అన్నం సయించనట్టే. రోజూ రాత్రి అలా గడిస్తే ప్రాణం ఉంటుంది గానీ బరువు పెరగదు. పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి చూడండి, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయేమో.

రుషికుల్య:
మా బావగారి చెరువులో పెద్ద శీలావతులున్నా ఎప్పుడూ పిల్లలు రాలేదు. అదీ ఆక్సిజన్ వల్లేనా?

పర్లాకిమిడి గట్టు:
కాదండి. బొచ్చె, శీలావతి నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు, వరద పారే నది కావాలి. అందుకే 1957 జూలై 10న మన ఒడిశాలోనే మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) రసం ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే ఇప్పుడు చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. అలాగని గుడ్లకీ ఆక్సిజన్‌కీ సంబంధం లేదనుకోకండి. బంగారుతీగ చేపని 1 పీపీఎం ఆక్సిజనే ఉన్న నీళ్ళలో ఉంచి హాంకాంగ్‌లో చేసిన పరిశోధన 2003లో అచ్చయింది. హార్మోన్లు దెబ్బతిన్నాయి, గుడ్లూ వీర్యమూ సరిగా ఎదగలేదు, పొదిగిన పిల్లలూ తగ్గాయి. తల్లిచేపల చెరువుని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

గుణుపురం రైతు:
మీరు నర్సరీ నడుపుతారని ఇక్కడే ఎవరో అన్నారు. అందుకేనా సీడ్ మీద మాట పడనివ్వడం లేదు? ఒక నర్సరీలో మాకు వేలెడు పిల్లలు చూపించి, బస్తాల్లో సన్నపిల్ల పోసి పంపారు. ఆ నష్టం ఎవరిచ్చారు? తప్పెప్పుడూ రైతుదేనా?

పర్లాకిమిడి గట్టు:
నడుపుతాను, దాచలేదు. చెడ్డ సీడ్ ఉంది. అవే తల్లిచేపల్ని, వాటి పిల్లల్నే మళ్ళీ మళ్ళీ వాడే హేచరీల పిల్ల ఎదగదు. మీకు జరిగింది మోసమే. కానీ బొచ్చెతోపాటు శీలావతి కూడా ఆగిపోయిందా? ఎకరానికి ఎన్ని పిల్లలు వేశారు?

గుణుపురం రైతు:
శీలావతీ అంతంతే. దానికీ దీనికీ ఏం సంబంధం?

రుషికుల్య:
అడిగినది చెప్పండి బాబూ, ఎన్ని వేశారు?

గుణుపురం రైతు:
8,000. చాలా? వేలంపాట డబ్బు ముందే కట్టించుకుంటారు. లీజు అయ్యాక చెరువు ఎవరి చేతికి పోతుందో తెలియదు. గట్టు మీదికి కరెంటు లైను లేదు. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్ కొని ఎవరికి వదిలి రావాలి? తక్కువ పిల్ల వేస్తే పెట్టుబడే రాదు. నర్సరీలో కూర్చుని 5 పీపీఎం అనడం తేలికే.

కాశీనగర్:
మా ఊరి లీజుదారూ ఇదే మాట అన్నాడు. పేడా కోళ్ళ ఎరువూ బళ్ళకొద్దీ దించాడు. నీళ్ళు పచ్చగా చిక్కబడి మా ఆడవాళ్ళు రేవులో దిగడం మానేశారు. పశువులు కూడా తాగడం లేదు. మీ పెట్టుబడి కోసం ఊరు చెరువు వదులుకోవాలా?

గుణుపురం రైతు:
ఊరికి కట్టేది మా డబ్బే కదా! పాట పెంచినప్పుడు ఎవరూ మాట్లాడలేదే?

పర్లాకిమిడి గట్టు:
కరెంటు, లీజు గడువు గురించి మీ బాధ నిజమే. పంచాయతీలో గట్టిగా అడగాల్సిందే. కానీ చేపకి మీ లీజు తెలియదు. ఏరియేటర్ లేని చెరువులో ఎకరానికి 2,000 నుంచి 4,000 పిల్లలే. ఈ వారమే వలవేసి సగం చేపలు తీసేయండి. మీరూ పేడ వేస్తుంటే ఆపండి. ముసురు రోజున మేత వేయకండి. డీజిల్ ఇంజను ఉంటే తెల్లవారకముందు చెరువు నీళ్ళే తోడి పైనుంచి చిమ్మించండి.

గుణుపురం రైతు:
అరకేజీ బొచ్చెకి సంతలో ఏం ధర వస్తుంది? అయినా రేపు తెల్లవారకముందు మీటర్ పెట్టి అంకె ఇక్కడ రాస్తాను. సీడ్ గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.